నీళ్లు కాచి పట్టినా వాంతులు, విరేచనాలు ఎందుకు? పసిపిల్లల్లో వైరస్‌ల పాత్ర

సంక్షిప్తంగా: చలి నెలల్లో రెండేళ్లలోపు పిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాలకు ఎక్కువగా వైరస్‌లే కారణం. వాటిలో రోటావైరస్, నోరోవైరస్ ముఖ్యమైనవి. ఇవి తాగునీటి కన్నా చేతుల మీదుగా, ఇంట్లోని వస్తువుల మీదుగా ఎక్కువగా పాకుతాయి. యాంటీబయాటిక్‌లు వీటిపై పనిచేయవు. ఓఆర్‌ఎస్, జింక్, తిండి ఆపకపోవడం ఇందులో అసలైన చికిత్స. రోటా చుక్కలు (నోటి ద్వారా వేసే రోటావైరస్ టీకా) ఆ ఒక్క వైరస్ తీవ్రతను తగ్గిస్తాయి తప్ప అన్ని విరేచనాలనూ ఆపవు.

“కాచి చల్లార్చిన నీళ్లే పడుతున్నం, బయటి తిండి ముట్టనిస్తలేం, అయినా మోషన్లు ఆగుతలేవు.” చలి ముదిరే నెలల్లో వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో పసిపిల్లల తల్లుల నోట వినిపించే మాట ఇది. ఫిల్టర్ నీళ్ల క్యాను వచ్చింది, మిషన్ భగీరథ నల్లా వచ్చింది, మరుగుదొడ్డి వచ్చింది. ఇన్ని వచ్చాక కూడా ఏడాది నిండని బిడ్డకు రాత్రికి రాత్రి వాంతులు మొదలై, తెల్లారేసరికి పది పన్నెండు సార్లు నీళ్లలా విరేచనాలు అవుతుంటే, తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఇంటివాళ్లకు అంతుపట్టదు. చాలాసార్లు వాళ్ల నీళ్లలో తప్పు ఉండదు.

నీటి మీదికే అనుమానం ఎందుకు పోతుంది

ఉత్తర తెలంగాణలో విరేచనాలు అనగానే నీటినే అనుమానించడానికి బలమైన చరిత్ర ఉంది. పాతతరం ‘గత్తర’ అని పిలిచిన కలరా ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించిన జ్ఞాపకం ఇప్పటికీ మాటల్లో మిగిలే ఉంది. వానాకాలంలో పైపులైన్లు పగిలి మురుగు కలవడం, బావుల్లోకి వరదనీరు చేరడం, దాని వెంటే టైఫాయిడ్, కామెర్లు, రక్త విరేచనాలు రావడం నేటికీ జరుగుతున్నదే. ఈ జబ్బుల్లో చాలావాటికి కారణం బ్యాక్టీరియా. నీళ్లు శుభ్రపడితే అవి గణనీయంగా తగ్గుతాయి.

వైరస్‌ల సంగతి వేరు. పారిశుద్ధ్యం ఎంతో మెరుగ్గా ఉన్న దేశాల్లోనూ, టీకా రాకముందు, ఐదేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ కనీసం ఒకసారి రోటావైరస్ సోకేది. ధనిక దేశం, పేద దేశం అన్న తేడా సోకడంలో లేదు, చనిపోవడంలో ఉంది. అక్కడి బిడ్డ రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్లేది. ఇక్కడి బిడ్డ, ముందే బరువు తక్కువగా ఉండి, దవాఖాన దూరమై, ఆలస్యంగా చేరి ప్రాణాల మీదికి తెచ్చుకునేది. టీకా రాకముందు ఐదేళ్లలోపు పిల్లల్లో రోటావైరస్ వల్ల మన దేశంలో ఏటా సుమారు 78,000 మరణాలు సంభవించేవని, విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో దాదాపు 40 శాతం మందికి ఈ వైరసే కారణమని అంచనాలు ఉన్నాయి. మంచినీటి పథకాలు అవసరం లేదని దీనికి అర్థం కాదు. నీటితో ఆగే జబ్బు ఒకటి, నీటితో మాత్రమే ఆగని జబ్బు మరొకటి అని విడదీసి చూడాలి.

ఎవరీ వైరస్‌లు

పసిపిల్లల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్‌లలో ఐదింటిని ప్రధానంగా చెప్పుకోవాలి: రోటావైరస్, నోరోవైరస్, అడినోవైరస్‌లలో 40, 41 రకాలు, ఆస్ట్రోవైరస్, సాపోవైరస్.

రోటావైరస్‌ను 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం, విరేచనాలతో బాధపడుతున్న పిల్లల చిన్నపేగు ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూసి గుర్తించింది. బండి చక్రంలా చువ్వలతో కనిపించింది కాబట్టి లాటిన్‌లో చక్రం అనే అర్థమిచ్చే ‘రోటా’ పేరు పెట్టారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య వయసు పిల్లలకు ఇది ఎక్కువ ప్రమాదకరం. సోకిన రెండు రోజులకు అటూ ఇటూగా జ్వరం, వాంతులు ముందుగా మొదలవుతాయి, ఆ వెనుకే నీళ్ల విరేచనాలు వచ్చి మూడు నుంచి ఎనిమిది రోజుల దాకా సాగుతాయి. వాంతి ముందు, విరేచనం తర్వాత అన్న ఈ వరుస వల్లనే మొదటి రోజు చాలామంది ‘అజీర్తి చేసింది’, ‘దిష్టి తగిలింది’ అనుకుని ఊరుకుంటారు.

నోరోవైరస్ పిల్లలనే కాదు, పెద్దలను కూడా పట్టుకుంటుంది. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నార్వాక్ పట్టణంలో ఒక పాఠశాలలో చాలామంది పిల్లలు ఒకేసారి వాంతులతో జబ్బుపడ్డారు. ఆ నమూనాల నుంచి 1972లో ఆల్బర్ట్ కపీకియన్ ఈ వైరస్‌ను గుర్తించారు. సోకాక 12 నుంచి 48 గంటల్లోనే బయటపడి, ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు, తాతతో సహా, వాంతులతో పడుకున్నారంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. అటువంటప్పుడు ‘ఫంక్షన్‌లో తిన్న కూర పడలేదు’ అన్న మాట వినిపిస్తుంది. కూర కూడా దారి కావచ్చు, కాకపోతే తప్పు కూర పాడవడంలో కాకుండా, వడ్డించిన చేతిలో ఉండవచ్చు.

మిగిలిన మూడింటిలో అడినోవైరస్ నెమ్మదైనది. సోకి వారం పైన గడిచాక కూడా బయటపడుతుంది, విరేచనాలు పది రోజుల వరకు లాగవచ్చు. నక్షత్రంలా కనిపించే ఆస్ట్రోవైరస్, జపాన్‌లోని సప్పోరో నగరం పేరుతో ఉన్న సాపోవైరస్ సాధారణంగా తేలికపాటి జబ్బునే తెస్తాయి.

లక్షణాలను మాత్రమే చూసి ఇది ఫలానా వైరస్ అని ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. మలపరీక్షతో రోటావైరస్‌ను, వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్షతో మిగతావాటినీ పట్టుకోవచ్చు. కానీ ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్లల మలంలోనూ ఈ వైరస్‌లు కనిపిస్తుంటాయి కాబట్టి, రిపోర్టులో పేరు ఉన్నంత మాత్రాన జబ్బుకు అదే కారణమని తేల్చలేం. ఏ వైరస్ అయినా చికిత్స ఒకటే గనుక సాధారణంగా డాక్టర్లు ఈ పరీక్షలు రాయరు. రాయకపోవడం నిర్లక్ష్యం కాదు.

పేగులో జరిగేది

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. వేలి కొన కన్నా ఎన్నో రెట్లు చిన్నవైన ఆంత్రచూషకాలు, మొలకెత్తిన వరినారులా దట్టంగా, గోడ నిండా నిలబడి ఉంటాయి. వాటి కొనల మీది ముదురు కణాలు నీటిని, ఉప్పును, చక్కెరను పీల్చుకుంటాయి. వాటి మొదళ్లలోని లేత కణాలు నీటిని బయటికి వదులుతుంటాయి. రోటావైరస్ సరిగ్గా ఆ కొనల కణాలలోకే చొరబడి వాటిని రాల్చేస్తుంది. పీల్చుకునేవి పోయి, వదిలేవి మిగులుతాయి. దానికి తోడు ఈ వైరస్ తయారుచేసే ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రొటీను విషంలా పనిచేసి, మిగిలిన కణాల చేత మరింత ఉప్పునీటిని బయటికి పంపిస్తుంది. పేగు గోడలోని కొన్ని కణాలు సెరటోనిన్ విడుదల చేయడం వల్ల మెదడులోని వాంతి కేంద్రానికి సంకేతం వెళ్తుంది. విరేచనం ఇంకా మొదలవకముందే బిడ్డ కక్కడం అందువల్లనే.

పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ కూడా ఆ కొనల మీదనే ఉంటుంది. కణాలు రాలినప్పుడు అదీ తగ్గుతుంది. వైరస్ పోయాక కూడా పాలు పట్టగానే కొన్ని రోజులు పుల్లటి వాసనతో, నురుగుతో విరేచనం కావడానికి ఒక కారణం ఇదే. తల్లిపాలు మాత్రం ఆపనక్కర్లేదు, ఆపకూడదు కూడా.

పది కిలోల బిడ్డ ఒంట్లోంచి అర లీటరు నీరు పోయిందంటే బరువులో 5 శాతం పోయినట్టు. పెద్దవాళ్లకు అర లీటరు ఒక లెక్క కాదు. పిల్లల శరీరంలో నీటి మార్పిడి బరువుతో పోలిస్తే ఎక్కువ కాబట్టి, వాళ్లలో అదే నష్టం గంటల వ్యవధిలో కళ్లు లోపలికి పోయేంత దూరం వస్తుంది. రాలిన కణాల స్థానంలో కొత్తవి పుట్టి పైకి చేరడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. జబ్బు తనంతట తాను తగ్గే గడువు దాదాపు అదే. ఈలోపు శరీరంలో నీరు నిలబెట్టడమే వైద్యం చేసే పని.

రక్తం, జిగట కలిసిన విరేచనం సాధారణంగా వైరస్‌లది కాదు. షిగెల్లా వంటి బ్యాక్టీరియా పెద్దపేగును గీరినప్పుడు అలా వస్తుంది. దానికి చికిత్స వేరు, డాక్టరుకు చూపించాల్సిందే.

చేతి నుంచి నోటికి

రోటావైరస్ సోకిన బిడ్డ మలంలో గ్రాముకు వెయ్యి కోట్లకు పైగా వైరస్ రేణువులు ఉండవచ్చు. కొత్తగా ఒక బిడ్డకు సోకడానికి పది నుంచి వంద చాలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, కాచిన నీళ్లు ఎందుకు సరిపోవో అర్థమవుతుంది.

మామూలు ఇంటిలో రోజూ జరిగే పనినే తీసుకుంటే చాలు. బిడ్డ కక్కుతుంది, తల్లి చీర కొంగుతో మూతి తుడుస్తుంది. కాసేపటికి గట్టు మీది పాల గ్లాసు అంచును అదే కొంగు తుడుస్తుంది. విరేచనం అయిన గుడ్డను నాయనమ్మ నీళ్లతో జాడించి, చేతులు నీళ్లతోనే కడిగి, మనవడికి మెత్తటి బువ్వ కలుపుతుంది. ఎక్కడా మురికి కనిపించదు, వాసన రాదు. పసిపిల్లల మలం ‘అంత చెడ్డది కాదు’ అన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉన్నదే కాబట్టి సబ్బు గుర్తుకు రాదు. వైరస్ రేణువులు చేతుల మీద గంటల పాటు, ఆటబొమ్మలు, తలుపు గొళ్లేలు, గిన్నెల మీద రోజుల పాటు బతికే ఉంటాయి. అంగన్‌వాడీలో ఒకే ప్లాస్టిక్ బొమ్మ నలుగురు పిల్లల నోళ్లలోకి వెళ్లి వస్తుంది.

కోవిడ్ కాలం నుంచి ఇళ్లలో నిలిచిపోయిన శానిటైజర్ ఇక్కడ పెద్దగా ఆదుకోదు. నోరోవైరస్‌కు కొవ్వు పొర లేదు గనుక ఆల్కహాల్ దాన్ని సరిగా నాశనం చేయలేదు. సబ్బుతో రుద్ది, ధారగా పడే నీటితో కడగడమే దాన్ని చేతి నుంచి వదిలిస్తుంది. వాంతి పడిన నేలను బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. నోరోవైరస్ సోకిన మనిషి తగ్గిన తర్వాత కూడా రోజులు, ఒక్కోసారి వారాల తరబడి వైరస్‌ను విసర్జిస్తూనే ఉంటాడు. తగ్గిన మర్నాడే వంటింట్లోకి వెళ్లడం అందుకే మంచిది కాదు.

వానలో ప్రచారం, చలిలో జబ్బు

రోటావైరస్ విరేచనాలు ఉత్తర భారతంలో చలి నెలల్లో స్పష్టంగా ఎగుస్తాయి. దక్షిణానికి వచ్చేకొద్దీ ఏడాది పొడవునా కనిపిస్తూనే, చల్లని పొడి నెలల్లో కొంత పెరుగుతాయి. చల్లటి, పొడి వాతావరణంలో వైరస్ ఉపరితలాల మీద ఎక్కువసేపు నిలవడం దీనికి ఒక వివరణ.

ఓఆర్‌ఎస్, జింక్‌లను ఇంటింటికీ పంచే జాతీయ కార్యక్రమం 2014లో పక్షోత్సవంగా మొదలై, ఇప్పుడు ‘స్టాప్ డయేరియా’ పేరుతో వానాకాలంలో సాగుతోంది. ఆశా కార్యకర్త ఇచ్చిన ప్యాకెట్ జులైలో ఇంటికి చేరుతుంది. బిడ్డకు రోటావైరస్ జనవరిలో వస్తే, అప్పటికి ఆ ప్యాకెట్ ఏ డబ్బాలో ఉందో ఎవరికీ గుర్తుండదు. వానాకాలపు ప్రచారం తప్పు కాదు, కలరాకు అది సరైన సమయమే. అయితే పసిపిల్లల జబ్బుకు మాత్రం రెండో విడత సంక్రాంతికి ముందు అవసరమని చెప్పవచ్చు.

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే మేడారం జాతర కూడా ఈ చలి నెలల్లోనే వస్తుంది. లక్షలాది కుటుంబాలు చంకలో బిడ్డలతో తరలివచ్చి, జంపన్నవాగులో స్నానాలు చేసి, గుడారాల్లో వండుకుని, రెండు మూడు రోజులు దగ్గర దగ్గరగా గడుపుతాయి. చేతుల మీదుగా పాకే వైరస్‌లకు ఇటువంటి సందర్భం అనువైనది. ప్రయాణపు సంచిలో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక సబ్బు బిళ్ల ఉంటే బరువేమీ కాదు.

రోటా చుక్కలు వేయించినా ఎందుకు వస్తున్నాయి

మన దేశంలో వాడే టీకాల్లో ఒకటైన రోటావాక్ హైదరాబాద్‌లో తయారైంది. దాని మూలమైన 116ఈ అనే వైరస్ రకం 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, సోకినా జబ్బు పడని నవజాత శిశువుల్లో దొరికింది. ఎయిమ్స్ పిల్లల వైద్యుడు ఎం.కె. భాన్ తదితరుల కృషితో, భారత్ బయోటెక్ తయారీతో 2014లో దానికి అనుమతి వచ్చింది. పుణెలోని సీరం సంస్థ తయారుచేసే రోటాసిల్ రెండోది. సార్వత్రిక టీకా కార్యక్రమంలో 2016 మార్చిలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్‌లతో మొదలైన ఈ చుక్కలు 2019 నాటికి దేశమంతటికీ విస్తరించాయి. బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో నోటి ద్వారా వేస్తారు. అదే రోజు పోలియో చుక్కలు కూడా ఉంటాయి కాబట్టి చాలామంది తల్లులకు రెండూ ఒకటే అనిపిస్తుంది. ఏది వేశారో తల్లీబిడ్డల కార్డు చూస్తే తెలుస్తుంది.

ఢిల్లీ, పుణె, వేలూరులలో జరిగిన పరీక్షల్లో రోటావాక్ తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సుమారు 55 శాతం తగ్గించింది. అంటే టీకా లేకపోతే వంద మంది పిల్లలు తీవ్రంగా జబ్బుపడే చోట, టీకాతో ఆ సంఖ్య 45కు దిగుతుంది. ఐరోపా, అమెరికాల్లో ఇతర రోటా టీకాలు 85 శాతం పైన ఫలితమిచ్చాయి. తేడా టీకా నాణ్యతలో కన్నా బిడ్డల పేగుల్లో ఉంది. ఇక్కడి తల్లుల నుంచి అందే ప్రతిరక్షకాలు ఎక్కువ కావడం, చిన్ననాటి నుంచే పేగులో తేలికపాటి వాపు ఉండటం, పోలియో చుక్కల్లోని వైరస్ కూడా అదే పేగులో పెరగడం వంటి కారణాలను నిపుణులు చెబుతారు. అసలైన వైరస్ సోకినా ఇక్కడ రక్షణ అంత తేలిగ్గా రాదు. వేలూరులో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా 373 మంది పిల్లలను గమనించినప్పుడు, మూడుసార్లు సోకిన తర్వాత కూడా మధ్యస్థ, తీవ్ర జబ్బు నుంచి రక్షణ 79 శాతమే వచ్చింది. మెక్సికోలో రెండుసార్లు సోకితేనే దాదాపు పూర్తి రక్షణ కనిపించింది.

సగానికి కాస్త ఎక్కువ అన్న మాట వినడానికి తక్కువగా ఉన్నా, ఆసుపత్రి మంచాల లెక్కలో అది పెద్దదే. టీకా వచ్చిన తర్వాత ఆసుపత్రిలో చేరే విరేచనాల కేసుల్లో రోటావైరస్ వాటా దాదాపు సగానికి పడిపోయింది. మిగిలిన చోటును నోరోవైరస్ వంటివి నింపుతున్నాయి, వాటికి ఇంకా టీకా లేదు. ‘చుక్కలు వేయించాం కదా’ అన్న ప్రశ్నకు జవాబులో సగం ఇదే.

మందు చీటీలో ఉండాల్సినవి, అక్కర్లేనివి

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా, పట్నంలో క్లినిక్‌కు వెళ్లినా ‘గ్లూకోజ్ ఎక్కించండి’ అన్న ఒత్తిడి తల్లిదండ్రుల వైపు నుంచే మొదలవుతుంది. సీసా వేలాడితే వైద్యం జరిగినట్టు కనిపిస్తుంది, గ్లాసులో కలిపిన పొడి అలా కనిపించదు. తాగగలిగే బిడ్డకు మాత్రం గ్లాసే సరిపోతుంది.

కారణం పేగు కణాలలోనే ఉంది. ఒక గ్లూకోజ్ అణువు రెండు సోడియం అయాన్లను వెంటపెట్టుకుని లోపలికి వెళ్తుంది, నీరు వాటి వెనకాలే వెళ్తుంది. వైరస్ అన్ని కణాలనూ ఒకేసారి రాల్చదు, మిగిలిన కణాల్లో ఈ దారి తెరిచే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో, సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని తాగించి కలరా మరణాలను గణనీయంగా తగ్గించింది ఈ సూత్రం మీదనే. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. చక్కెర అంతకు బాగా ఎక్కువైతే అది నీటిని పేగులోకి లాగి విరేచనాన్ని పెంచుతుంది. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్ముడైన తీపి పానీయాలతో వచ్చిన చిక్కు ఇదే. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పిన తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది.

కలపడంలో జరిగే తప్పు ఇంకా సామాన్యమైనది. లీటరు నీటికి ఉద్దేశించిన ప్యాకెట్‌ను గ్లాసులో పోసి తాగిస్తే ఉప్పు ఐదు రెట్లు అవుతుంది, ‘కొద్దికొద్దిగా’ అని చిటికెడు వేస్తే సరిపోదు. ప్యాకెట్ మీద ఎన్ని మిల్లీలీటర్లని ఉందో చూసి, లీటరు బాటిల్‌తో కొలిచి, మొత్తం పొడిని ఒకేసారి కలిపి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో మొదలుపెట్టాలి. ఐదు మిల్లీలీటర్ల చెంచా రెండు నిమిషాలకు ఒకటి చొప్పున పట్టినా గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తాయి. ఇది ఓపిక అడిగే పని, సీసా ఎక్కించడం కన్నా కష్టం కూడా.

ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు, 14 రోజులు ఇవ్వాలి. మూడో రోజుకే విరేచనాలు ఆగాయని జింక్ ఆపేయడం సాధారణంగా జరిగే పొరపాటు. యాంటీబయాటిక్ వైరస్‌ను తాకదు, పేగులోని మంచి బ్యాక్టీరియాను చంపి విరేచనాన్ని పొడిగించే అవకాశం మాత్రం ఉంది. విరేచనాలు ఆగడానికి పెద్దలు వేసుకునే లోపెరమైడ్ వంటి మాత్రలు పసిపిల్లలకు ప్రమాదకరం. ‘పండ్లు వస్తున్నయి, మోషన్లు మామూలే’ అన్న ధీమా కూడా అంతే. పళ్లు మొలిచే ఆరో నెల, బిడ్డ కనిపించినదల్లా నోట్లో పెట్టుకునే ఆరో నెల ఒకటే కావడం వల్ల ఆ నమ్మకం ఏర్పడింది.

బిడ్డ మగతగా ఉన్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, ఏదీ తాగలేకపోయినా, ఆకుపచ్చటి వాంతులు లేదా రక్త విరేచనాలు కనిపించినా సెలైన్ అవసరం కావచ్చు, ఆలస్యం చేయకూడదు. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు పల్లెల నుంచి వరంగల్ పెద్ద దవాఖానకు గంటల ప్రయాణం. అంత దూరం ఉత్తి ఒడిలో పడుకోబెట్టి తీసుకురావడం కన్నా, బిడ్డ మింగగలిగినంత వరకు అంబులెన్సులోనూ చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూ రావడం, దారిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకసారి చూపించుకుని బయలుదేరడం మేలు.